వలి చేతి పొయ్యి

తిప్పేష్ పోయాడు. లివర్ చెడిపోయి బెంగుళూరు ఆసుపత్రిలో పోయాడు. చిలమత్తూరు క్రాసులో ఫ్లెక్సీ కట్టి దండ వేశారు. ఎంత మంచి మనిషో అని మైకులో చెప్పారు. చచ్చినవాడి కళ్ళు చారెడు. నేను ఆ ఫ్లెక్సీ ముందు ఉమ్మేసి వచ్చి నా పంక్చరు అంగడి తెరుచుకున్నాను. వాడు బతికున్నంత కాలం ఒక నిజాన్ని కడుపులో దాచుకుని తిరిగాను. ఇప్పుడు చెబుతాను. హజరత్ వలి వద్దంటున్నాడు. అననీ. అతని మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది.

నా అంగడికీ వలి అంగడికీ మధ్య ఒక రేకు అడ్డం, అంతే. నావి టైర్లు, అతనివి గ్యాస్ పొయ్యిలు. వలి మంచివాడని నేను చెప్పను. మంచి పనివాడు, చెడ్డ కోపిష్టి. గ్యాస్ లీకవుతోందేమో చూద్దామని ఎవడైనా పైపు దగ్గర అగ్గిపుల్ల గీశాడా, వలి నోరు విప్పేవాడు కాదు. ముందు చెంప పగిలేది, మాట తర్వాత వచ్చేది. గిరాకీలను కొట్టాడు, పిల్లనిచ్చిన మామను కొట్టాడు, ఒకసారి కానిస్టేబుల్‌ను కూడా కొట్టాడు. ఆ కానిస్టేబుల్ లాఠీ తీసి వీపు చీరేస్తుంటే, పడుతూనే, "ఇంగోతూరి గీస్తే ఇంగోటి పడతాది సార్" అన్నాడు. అలాంటి మొండిఘటం.

దానికి కారణం ఉంది. వాళ్ళన్న షరీఫ్ టీ అంగడి నడిపేవాడు. ఒకరోజు పైపు దగ్గర వాసనొస్తే అగ్గిపుల్ల గీసి చూశాడు. కాలిపోయిన అన్నను గోనెపట్టలో చుట్టి మోసింది వలే. చర్మం గోనెకు అంటుకుని ఊడొచ్చిందట. అప్పటికి వలికి ఇంకా మీసాలు రాలేదు. తర్వాత ఈ పనే నేర్చుకున్నాడు. సబ్బు నురుగు, గడ్డం గీసుకునే పాత బ్రష్షు, ఇవే అతని పరీక్ష సామాను. ప్రతి బిగింపుకీ నురుగు పూసి, బుడగ రాలేదని కళ్ళారా చూశాకే పొయ్యి గిరాకీ చేతికిచ్చేవాడు. నా చెయ్యి పడిన పొయ్యి లీక్ కాదు అనేవాడు. హిందూపురం దాకా ఉన్న పొయ్యి మెకానిక్కులంతా అతని దగ్గర చెంపదెబ్బలు తిని పని నేర్చుకున్నవాళ్ళే.

ఇక గంగక్క. హైవే వెనక ఆమెకు కాస్త చేను, అందులో ఒక బోరు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండి దుమ్ము కక్కుతుంటే ఆ ఒక్కదాంట్లో నీళ్ళు. మొగుడు చచ్చిపోయాక గొర్రెలు మేపుకుంటూ, వేరుశెనగ వేసుకుంటూ బతుకుతోంది. తిప్పేష్ ఆ చుట్టూ భూమంతా కొని ప్లాట్ల రాళ్ళు పాతాడు. మధ్యలో గంగక్క చేను అడ్డం. ఇవ్వనంది. ఒక తెల్లవారి చూస్తే ఆమె గొర్రెలన్నీ కాళ్ళు విరిగి దొడ్లో పడి అరుస్తున్నాయి. కడ్డీలతో విరగ్గొట్టారు. గంగక్క ఏడుస్తూ ఒక్కొక్కదాని గొంతు తానే కోసింది, వేరే దారి లేక. అయినా చేను ఇవ్వనంది. తిప్పేష్ దొంగ కాగితాలు పుట్టించి, ఆ చేను తనదేనని, అక్కడే కాపురం ఉంటున్నానని కోర్టుకెక్కాడు. కోర్టు తరఫున మనిషొచ్చి చూసిపోతాడని తెలిసింది.

కాపురం ఉన్నట్టు చూపించాలి కదా. ఇల్లు కడదామంటే ఊరు తిరగబడుతుంది. కరెంటు గంగక్క పేరు మీద ఉంది, దాన్ని ముట్టుకుంటే ఇంకో కేసు. అందుకని ఆషాఢంలో ఒకరోజు తిప్పేష్ బెంగుళూరు నుంచి ఒక బండి ఈడ్పించుకొచ్చి ఆమె బోరు పక్కనే నిలబెట్టాడు. కారవాన్ అంటారట. మేము ఇల్లుబండి అన్నాం. లోపల మంచం, స్నానాలగది, పొయ్యి, నీళ్ళు కాచే గీజరు, ఫ్రిజ్జు. అన్నీ గ్యాస్ మీదే నడుస్తాయి, కరెంటుతో పనే లేదు. కాకపోతే అది ఏళ్ళ తరబడి ఏదో షెడ్డులో పడి ఉంది. ఏ ఒక్కటీ వెలగలేదు. తిప్పేష్ మనిషి నాగేశ్వర వలిని పిలవడానికొచ్చాడు. వలి రానన్నాడు.

నాగేశ్వర వెళ్ళగానే గంగక్క వచ్చింది. రేకు ఇవతల నేను ట్యూబుకు అతుకేస్తున్నాను కాబట్టి అంతా విన్నాను. పొయ్యి వెలిగితే నా చేను పోయినట్టేనని వలి ముందు కూర్చుని ఏడ్చింది. నేను పోనులే అక్కా అన్నాడు వలి. ఆమె కళ్ళు తుడుచుకుని గొంతు తగ్గించింది.

"పోనని ఎందుకంటావు నాయనా. పో. పోయి అంతా బాగు చెయ్. ఒక్క మర మాత్రం వదులుగా పెట్టి రా. నా గొర్రెలు అరిచినట్టు వాళ్ళు అరవాల."

వలి చేతిలోని పానా కింద పెట్టాడు. కొడతాడేమో అని నేను లేచి నిలబడ్డాను.

"నా చెయ్యి పడిన పొయ్యి లీక్ కాదు అక్కా. అది నీ పగోని ఇంట్లో ఉన్నా కాదు. ఆ మాట ఇంగ నా కాడ అనొద్దు."

ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే తిప్పేష్ జీపొచ్చింది. వలిని చొక్కా పట్టి బయటికీడ్చి, క్రాసులో అందరి ముందూ తన్నారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నిలబడే ఉన్నారు. అంగడిలోని పొయ్యిలన్నీ రోడ్డు మీదికి విసిరారు. అద్దాల పొయ్యి ఒకటి నా కాళ్ళ దగ్గర పడి పగిలింది. నేను టైరు లివరు తీసుకుని ఉరికితే ఒకడు నా పొట్టలో గుద్ది, ఇల్లుబండి టైర్లకు గాలి కూడా లేదు, నువ్వూ ఎక్కు అని నన్నూ ఎక్కించాడు.

చేను దగ్గర ఆషాఢం గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఎర్రదుమ్ము నోట్లో, కళ్ళలో. వలి బండి లోపల చూసి, ఇది గుజరీ సరుకు, తుక్కు, వెలగదు అన్నాడు. అబద్ధం. ఆ మనిషి పని గురించి అబద్ధం చెప్పడం నేనప్పుడే మొదటిసారి విన్నాను. తిప్పేష్ మెట్ల మీంచి అతని రొమ్ము మీద తన్నాడు. కింద పడ్డవాడి మోకాలి మీద అతని పానాతోనే కొట్టాడు. వలి అరవలేదు. అప్పుడు తిప్పేష్ పక్కన గొంతుక్కూర్చుని, వలి కూతురు హిందూపురం కాలేజీకి ఏ బస్సులో పోతుందో, ఏ సీట్లో కూర్చుంటుందో నెమ్మదిగా చెప్పాడు.

"సుహానా కదా పేరు? పొయ్యి వెలగకపోతే ఆ బిడ్డ ఇల్లు చేరదు."

వలి లేచాడు. కుంటుకుంటూ పని మొదలుపెట్టాడు. ఏం చెప్పమంటారు. ఆ పని చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది. పగుళ్ళిచ్చిన రబ్బరు పైపు పీకేసి కొత్తది వేశాడు. రెగ్యులేటరు మార్చాడు. పొయ్యి గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టుకుని ఉంటే తీగతో గీకి గీకి తీశాడు. గీజరు లోపలి మసి ఊడ్చాడు. ఫ్రిజ్జు మంట వెలిగినా చల్లబడకపోతే, బండి ఒక పక్కకు ఒరిగి ఉంది, గ్యాస్ ఫ్రిజ్జు సమంగా నిలబడితేనే పని చేస్తుందని నాతో చక్రాల కింద బండలు పెట్టించాడు. పెదవి చిట్లి కారుతున్న రక్తాన్ని భుజానికి తుడుచుకుంటూ ప్రతి బిగింపుకూ నురుగు పూశాడు. కంచె అవతల గంగక్క నిలబడి చూస్తోంది. ఒక్క మర. ఎవడికి తెలుస్తుంది? నేనైతే వదులు చేసేవాణ్ణే, ఒట్టు.

అన్నీ అయ్యాక నేల తడిమాడు. గ్యాస్ గాలి కంటే బరువు, నీళ్ళలాగా కిందికే పారుతుంది. అందుకే అలాంటి బండ్లలో పొయ్యి కింద, ఫ్రిజ్జు కింద నేలకు రంధ్రాలుంటాయి. లీకైన గ్యాస్ వాటిలోంచి బయటికి పోతుంది. ఆ రంధ్రాల్లో గోనెపట్ట కుక్కి పైన సిమెంటు మెత్తి ఉంది. ఎవరు చేశారని వలి అడిగాడు. నేనే అన్నాడు నాగేశ్వర. ఆషాఢం గాలికి కిందినుంచి దుమ్మెగిరి అన్నంలో పడుతోందట. మా సీమ ఇళ్ళలో అందరం చేసే పనే. గాలికాలం వస్తే కిటికీ సందులో పాతచీర, తలుపు కింద గోనెపట్ట. దుమ్ము రాకుంటే చాలనుకుంటాం.

వలి నాగేశ్వరను ఎడాపెడా రెండు పీకాడు. తన్నులు తిని నిలబడలేకుండా ఉన్నవాడు, నలుగురు రౌడీల మధ్య. వాళ్ళు మీదపడి మళ్ళీ చితకబాదారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వాళ్ళు అలసిపోయి ఆగాక, వలి నేల మీద పాకుతూనే ఉలి అందుకుని, రంధ్రాల్లో సిమెంటు కొట్టి, గోనె లాగి బయట పారేశాడు.

"ఇవి మూస్తే చస్తారు. నా మీద కోపముంటే నన్ను కొట్టండప్పా. వీటిని మూయొద్దండి."

తిప్పేష్ నవ్వి పొయ్యి వెలిగించి టీ పెట్టమన్నాడు. నీలం మంట లేచింది. మమ్మల్ని రోడ్డు దాకా తోలారు. అక్కడ గంగక్క మా ముందుకొచ్చింది. వలి మొహం చూసింది, రక్తం చూసింది. అయినా అతని కాళ్ళ ముందు ఉమ్మి, పగోనికి పొయ్యి వెలిగించినావా అని వెళ్ళిపోయింది.

వారం తిరక్కముందే, పొద్దున పూట, క్రాసులో నా అంగడి రేకులు అదిరాయి. టైరు పేలిందనుకున్నాను. చేను వైపు నల్లటి పొగ. పరుగెత్తాం. వలి విరిగిన పక్కటెముకతోనే పరుగెత్తాడు. ఇల్లుబండి పైకప్పు లేచి బోరు అవతల పడింది. నాగేశ్వర తలుపుతో సహా ఎగిరి కంచె మీద పడి ఉన్నాడు. చొక్కా ఏదో చర్మం ఏదో తెలియలేదు. నీళ్ళు అడిగాడు, మేము తెచ్చేలోపు పోయాడు. తిప్పేష్ మొహం ఒక పక్కంతా కాలి, చెవి కరిగిపోయి, నేల మీద దొర్లుతూ అరుస్తున్నాడు. వాణ్ణి ఆటోలో వేసింది వలీ, నేనూ.

మంటలారాక వలి ఆ ఇనుప చట్రంలోకి వెళ్ళాడు. నన్నూ పిలిచి చూపించాడు. పైపు బిగింపులు ఉన్నచోటే ఉన్నాయి. పొయ్యి కుళాయి తెరిచి ఉంది. మంట సన్నగా పెట్టి వదిలేసి ఉంటారు, గాలికి అది ఆరిపోయి ఉంటుంది, గ్యాస్ వస్తూనే ఉండి ఉంటుంది. నేల రంధ్రాలు తెరిచి ఉంటే కిందికి పారిపోయేది. మళ్ళీ మూసేశారు. గోనెపట్ట, పైన సిమెంటు. లోపల గ్యాస్ నిండాక నాగేశ్వర బీడీ ముట్టించి ఉంటాడు. వలి ఉలితో ఆ సిమెంటు పెడ్డను గోనెతో సహా ఊడదీశాడు.

పోలీసులొచ్చారు, ప్రమాదమని రాసుకుని పోయారు. ఊరు మాత్రం వేరేగా రాసుకుంది. క్రాసులో తన్నులు తిన్నవాడు పగ తీర్చుకున్నాడు, అంతే. టీ అంగడి మారెప్ప వలికి ఎదురొచ్చి, భలే చేసినావన్నా అని చెయ్యి కలిపాడు. వలి ఆ సిమెంటు పెడ్డ పట్టుకుని అంగడంగడికీ తిరిగాడు. ఇది చూడండప్పా, నా తప్పు కాదు, వాళ్ళే మూసుకున్నారు అని. ఎవరూ చూడలేదు. కన్నుకొట్టి, సరేలే వలన్నా, మాకు తెల్దా అన్నారు. గంగక్క సంగటి, ఊరిబిండి పచ్చడి మూట కట్టుకొచ్చి అతని పాదాలు పట్టుకోబోయింది. నేను కాదక్కా అని అరిచాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు.

"కాదులే నాయనా, నువ్వు కాదు. నేను యెవురికీ చెప్పనులే," అంది ఆమె, పిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

ఆ రాత్రి అతను అన్నం తినలేదని వాళ్ళావిడ దాదాబీ నాతో చెప్పి ఏడ్చింది. హంతకుడన్న పేరు వచ్చినందుకు కాదట. నా చేతి పొయ్యి పేలిందంటున్నారే అని అతని బాధంతా. ఆ పెడ్డను కడిగి, అంగడిలో అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టుకున్నాడు.

వానలు రాకుండానే కార్తీకం వచ్చింది. తిప్పేష్ కూడా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, మూడు కార్లలో. మొహం సగం ముడతలు పడి, కన్ను మూసుకుపోయి ఉంది. కారు దిగడానికి కూడా వాడికి భయంగా ఉందని నాకు అర్థమైంది. అంగడిలోని పొయ్యిల వంక చూస్తున్నాడు, దగ్గరికి రావడం లేదు. రోడ్డు అవతల గంగక్క కొత్తగా కొన్న మేకపిల్లను పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంగో బండికి చెప్పినా. అదే జాగాలో నిలబెడతా. అంతకు ముందు ఒక్క మాట తెల్సుకోవాల. అది దానంతట అది పేలిందా, నువ్వు చేసినావా? ఒట్టేసి చెప్పు. దానంతట అదైతే నీ జోలికి రాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. వలి ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే కదా. పెడ్డ బల్ల మీదే ఉంది, చెయ్యి చాపితే చాలు. వలి దాని వైపు చెయ్యి చాపాడు కూడా. చాపినవాడు రోడ్డు అవతలికి చూశాడు. దానంతట అదే అని చెబితే వీడు రేపే బండి తెస్తాడు. ఈసారి బోరుతో పాటు గంగక్కనూ పూడుస్తాడు. వలి ఆ పెడ్డను తీసి కింద పడేసి, నా అంగడి వైపు, రేకు కింది సందులోంచి, కాలితో తోశాడు.

"నేనే చేసినా. ఇంగో బండి తెస్తే దాన్నీ పేలుస్తా. నువ్వు యే మెకానిక్కును పిల్చుకున్నా వాడు నా కాడ పని నేర్చుకున్నోడే. యాడ పొయ్యి వెలిగించుకుని తింటావో చూస్తా."

తిప్పేష్‌కు ఉన్న ఒక్క కన్నూ బెదిరిపోయింది. పోలీసుల దగ్గరికి పోతే వాడి దొంగ కాగితాలు బయటపడతాయి, పోలేడు. ఊరికే పోతే పరువు పోతుంది. మనుషులకు సైగ చేశాడు. వాళ్ళు వలి కుడిచేతిని పొయ్యి ఇనుప చట్రం మీద పరిచి పట్టుకున్నారు. నా అంగడిలోంచి నా సుత్తే తెచ్చారు, లారీ టైర్లకు వాడేది. నేను అడ్డం పడితే తల పగలగొట్టారు. రక్తం కళ్ళలోకి కారుతుంటే చూశాను. వేళ్ళ మీద కొట్టారు, అరచేతి మీద కొట్టారు, మణికట్టు మీద కొట్టారు. ఈసారి వలి అరిచాడు. క్రాసంతా వినబడింది. ఎవడూ కదల్లేదు, నా కొడుకులు.

తిప్పేష్ మళ్ళీ ఆ చేను గట్టు తొక్కలేదు. కేసుకు కూడా రాలేదు. కోర్టు గంగక్క పక్షాన తీర్పిచ్చింది. బోరు ఇప్పటికీ పోస్తోంది. వలి చేతిని అనంతపురంలో అతికారు గానీ వేళ్ళు ముడుచుకుపోయాయి, పానా పట్టవు. అంగడి మాత్రం తెరిచి కూర్చుంటాడు, ఎడమచేత్తో ఏదో గీకుతూ. గిరాకీలు రారు. మొదట్లో చెయ్యి పోయిందని రావడం లేదనుకున్నాను. పెడ్డ నా దగ్గరే ఉంది. బయటపెడతానంటే, తిప్పేష్ చెవిన పడితే ఆయమ్మ చేను పోతాది, నోరు మూసుకో గోవిందప్పా అని తిట్టేవాడు.

పోయిన ఏడు ఉగాది ముందు, గంగక్క గోనెసంచిలో ఏదో బరువైనది మోసుకుని క్రాసులో నిలబడి ఉంది. ఏంది గంగక్కా అని అడిగాను. గ్యాస్ పొయ్యి అంది. వాసనొస్తోందట, హిందూపురం తీసుకెళ్ళి బాగు చేయిస్తుందట. వలి అంగడి నాలుగడుగుల దూరంలో ఉంది. చెయ్యి లేకపోతేనేం, మాట చెబితే నేను బిగిస్తాను కదా అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆయప్ప నాకు దేవుడు గోవిందా. కాదన్ను. కానీ ఒకతూరి మర వదులు పెట్టిన చెయ్యి గదా. ఇంట్లో మనవరాలుండాది. భయమైతాది."

నిజం నా నాలుక చివర దాకా వచ్చింది. అంతలో రేకు అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. వలి అంతా విన్నాడు. బయటికొచ్చి నా వైపు ఒక్క చూపు చూశాడు, అంతే, నేను నోరు మూసుకున్నాను. బస్సు వచ్చింది. వలి ఆ గోనెసంచిని ఎడమచేత్తో ఎత్తి, ముడుచుకుపోయిన కుడిచెయ్యి కింద ఆనించి, బస్సు మెట్టు మీదికి చేర్చాడు.

"పైపు కూడా మార్చమని చెప్పక్కా. నురుగు పూసి చూడమను. అగ్గిపుల్ల గీయనీయొద్దు."

సరే నాయనా అంది గంగక్క, సీట్లో కూర్చుని పొయ్యిని ఒళ్ళో పెట్టుకుంటూ.